కనురెప్ప కింద రంగు

జూన్ 14
మూడో గొర్రె చచ్చింది. దవడ కింద నీళ్ల సంచిలా వాచింది. బావ దాన్ని కాలు పట్టుకుని షెడ్డు వెనక్కి ఈడ్చాడు. తల రాళ్లకు కొట్టుకుంటూ పోయింది. దాని పిల్ల అరుస్తూ వెంట పరుగెత్తింది.

జూన్ 15
పెళ్లయి అమెరికా వచ్చినా ఆయన్ని బావ అనే పిలుస్తాను. బావకు ఇక్కడ నోవైలో ఆఫీస్. ఊరి బయట ఈ ఐదెకరాలు, గొర్రెలు ఆయనా, ఫ్రెండ్ కౌస్తుభ్ అన్నా కలిసి సరదాకి పెట్టుకున్నారు. బావ ఫోన్‌లో రిమైండర్ ఉంది. మూడు వారాలకోసారి అన్నిటికీ కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతాడు. మా ఊళ్లో నాన్న అట్లా చేయడు. కింది రెప్ప లాగి చూస్తాడు. నట్టలు రక్తం తాగి లోపల తెల్లగా ఉంటేనే తాపుతాడు. ఊరికే అన్నిటికీ పోస్తే నట్టలు మందుకు అలవాటు పడతాయంటాడు.
బావకు చెప్పాలి.

జూన్ 16
చెప్పలేదు.

జూన్ 19, పొద్దున ఆరు
ఏడు గొర్రెల రెప్పల లోపల కాగితంలా తెల్లగా ఉంది. చెప్పాను. నీకేం ఎరుకనే, ఏడో క్లాసుతో ఆపేసిన దానివి, మీ అయ్యకు గొర్లు తెలుసు, నాకు డేటా తెలుసు అన్నాడు. మామ కూడా గొర్లే కాసిండు గద బావా అన్నాను.
చెంప మీద కొట్టాడు. ఆయన నాన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకూడదు. మరిచిపోయాను.
తర్వాత అన్నిటికీ అదే మందు తాపాడు.

జూన్ 21
ఇంకో రెండు చచ్చాయి. కౌస్తుభ్ అన్న, ఆయన భార్య రాగిణి అక్క వచ్చారు. దీనికి మేపుడు రాదు, దాణా ఎక్కువ పెట్టి చంపుతోంది అని బావ నన్ను చూపించాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. కూరగాయల కత్తి తెచ్చాను. చచ్చిన గొర్రె కడుపు చీల్చాను. లోపలి పొట్ట సంచి కోసి తిరగేశాను. ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు నట్టలు. ఇంకా కదులుతున్నాయి. గుప్పెడు తీసి బావ మొహం ముందు పట్టుకున్నాను. రాగిణి అక్క వాంతి చేసుకుంది. వామ్మో, రక్తమంతా ఇవే తాగినయా, నీకెట్ల తెలుసు వదినా అన్నాడు కౌస్తుభ్ అన్న. మేమంతా గొర్లు కాసినోళ్లమే అన్నా, బావ వాళ్లు కూడా అన్నాను.
పశువుల డాక్టర్‌కి కౌస్తుభ్ అన్నే ఫోన్ చేశాడు.

జూన్ 22
నిన్న వాళ్ల కారు మలుపు తిరగగానే బావ షెడ్డు తలుపు వేశాడు. మందు తాపే ఇనుప గొట్టంతో కొట్టాడు. గొర్రెలు గోడకు ఒత్తుకున్నాయి. నేనూ.

జూన్ 24
డాక్టరమ్మ వచ్చింది, వెంట రాగిణి అక్క. పాత మందు ఈ నట్టల మీద పనిచేయడం మానేసిందట. కొత్తది రాసింది. తెల్ల కళ్లున్న వాటికే తాపాలట. నేనే ఒక్కొక్క రెప్పా లాగి చూపించాను. ఆమె గొర్రెల కంటే వాచిన నా కంటినే ఎక్కువ చూసింది. పోయేటప్పుడు చేతిలో కార్డు పెట్టింది. ఇంట్లో దెబ్బలు తినేవాళ్ల కోసం ఫోన్ నంబరట, తెలుగు మాట్లాడేవాళ్లను కూడా ఇస్తారట. రాగిణి అక్క చెవిలో చెప్పింది. ఇంగ్లీషు రాకున్నా అంకెలు నాకు చదవడం వచ్చు.

జూన్ 25
బావ ఆఫీస్‌కి వెళ్లాడు. అద్దంలో నా కింది రెప్ప లాగి చూసుకున్నాను. ఎర్రగానే ఉంది. రెండో కన్ను తెరుచుకోవడం లేదు.
నంబర్ కొట్టాను. మోగుతోంది.