మా వాకిట్లో క్లాసు, మా బిడ్డకు గైర్హాజరు

గట్టుకింది తండా, నిడమనూరు మండలం,
తేదీ: 14-05-2025, బుధవారం.

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారి సముఖమునకు,
కృష్ణాతీర విశ్వవిద్యాలయం, సూర్యాపేట.

అయ్యా,

విషయం: తమ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థుల కోసం మా ఇంటి వాకిట్లో నడిపిన కోర్సులో పదమూడు వారాలు పనిచేసినందుకు, అదే విశ్వవిద్యాలయం కింద చదువుతున్న నా కుమార్తె రమావత్ అఖిలకు హాజరు చాలదని హాల్ టికెట్ నిరాకరించుట – సోమవారం 19వ తేదీ పరీక్షకు ముందే ఇప్పించవలసినదిగా కోరుట – గురించి.

సూచిక: నా అర్జీలు, తేదీలు 21-04, 29-04, 06-05. దేనికీ జవాబు లేదు.

రమావత్ హన్మా అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందినవాడను. ఊరందరి అర్జీలను ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి మోశాను. ఏ అర్జీ పైకి పోతుందో, ఏది బీరువా వెనక పడుతుందో చేత్తో పట్టుకోగానే చెప్పగలను. మొదటి మూడు అర్జీలు చాలా వినయంగా రాశాను. అవి ఎక్కడ పడ్డాయో నాకు తెలుసు. అందుచేత ఈ నాలుగో దాంట్లో వినయం కొంత తక్కువగా ఉండును. అందుకు తమరు మన్నించనక్కరలేదు.

1. తమ విశ్వవిద్యాలయంలో "గిరిజన జీవన విజ్ఞానం" అనే నాలుగు క్రెడిట్ల కోర్సు ఒకటి కలదు. వేరే దేశాల విశ్వవిద్యాలయాల్లో చదువుతూ ఒక్క సెమిస్టరు కోసం ఇక్కడికి వచ్చే విద్యార్థులకు మాత్రమే అది అందుబాటులో ఉంటుందని తమ కరపత్రంలోని నాలుగో నిబంధన. ఈ జనవరిలో అట్లాంటి వారు పదకొండు మంది వచ్చారు. ప్రతి మంగళవారం, గురువారం కోదాడ హాస్టల్ నుంచి వ్యానులో వచ్చి మా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. పాఠం చెప్పింది మా అమ్మ గౌరీబాయి. అద్దాల కుట్టు, పెళ్లి పాటలు, పురిటికి ఏ వేరు, పశువు మేత మానేస్తే ఏ ఆకు, ఇవన్నీ చెప్పింది. తమ కాగితాల్లో ఆమె హోదా "స్థానిక వనరు". బొగ్గు ఒక వనరు, సాగర్ నీళ్లు ఒక వనరు, మా అమ్మ ఒక వనరు. దాని మీద వేరే అర్జీ పెట్టుకుంటాను.

మా అమ్మకు మా లంబాడీ మాట తప్ప రాదు. వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు తప్ప రాదు. మధ్యలో కూర్చొని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది నా కుమార్తె అఖిల. మిర్యాలగూడలో తమ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన డిగ్రీ కళాశాలలో బి.ఏ. చివరి సంవత్సరం. ఆమె రాని రోజు ఆ క్లాసు లేదు, అందుకే ఆమె రాని రోజు కూడా లేదు.

2. గత డిసెంబరులో కోర్సు కో-ఆర్డినేటర్ తులసీరాం గారు మా ఇంటికి వచ్చి, మా మంచం మీద కూర్చొని, రెండుసార్లు ఛాయ తాగి, అఖిలను పంపమని అడిగారు. వారానికి రెండు రోజుల కాలేజీ పోతుంది కదా సార్ అని నేను అన్నాను.

"అటెండెన్స్ గురించి పరేషాన్ గాకు అన్నా. కాలేజీ మాదే, యూనివర్సిటీ మాదే. ఒక్క ఫోన్ కొడితే అయిపోతది," అన్నారు.

ఇక్కడ నా తప్పు కూడా మనవి చేసుకుంటాను. కాయితం లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వకుండా ముప్పై ఒక్క ఏళ్లు తలుపు దగ్గర నిలబడినవాణ్ని. ఆ రోజు మాత్రం కాయితం అడగలేదు. నన్ను అంత పెద్ద సారు అన్నా అన్నాడు కదా అని పొంగిపోయాను. ఆ పొంగిపోయిన హన్మాను తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

3. పదమూడు వారాలు, వారానికి రెండు రోజులు, మొత్తం ఇరవై ఆరు రోజులు. ఈ సెమిస్టరులో కళాశాల నడిచింది డెబ్బై ఎనిమిది రోజులు. అఖిల పోనిది ఆ ఇరవై ఆరు రోజులే. ఆమె హాజరు నూటికి అరవై ఆరు అని తేల్చారు. డెబ్బై ఐదు కావాలట. అంటే మంగళవారం పొద్దున మా వాకిట్లో తమ విశ్వవిద్యాలయం పనిలో ఉన్న పిల్ల, అదే మంగళవారం పొద్దున మిర్యాలగూడలో తమ విశ్వవిద్యాలయం లెక్కలో లేదు.

ఇంకొక సంగతి తమరు ప్రత్యేకంగా గమనించవలెను. విదేశీ విద్యార్థుల హాజరు పట్టీ రాసే పని కూడా అఖిలకే అప్పగించారు. ఇరవై ఆరు రోజులూ పదకొండు పేర్లూ పిలిచి టిక్కు పెట్టింది నా బిడ్డ. ఆ పట్టీలో ఆమె పేరు లేదు కాని, పట్టీ మొత్తం ఆమె చేతిరాతే. ఆమె రాకుంటే ఆ టిక్కులు ఎవరు పెట్టారు, తమ స్థానిక వనరు పెట్టిందా? నకలు జతపరిచాను.

4. హాల్ టికెట్ కోసం నేను తిరిగిన తిరుగుడు.

మిర్యాలగూడలో ప్రిన్సిపల్ సావిత్రి మేడం గారు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. "రూల్ బుక్కుల ఒక్కటే దారి ఉన్నది హన్మా గారూ. అరవై ఐదు దాటినోళ్లకు జరమొచ్చిందని దవాఖాన కాయితం తెస్తే మాఫీ చేయొచ్చు. గంతకు మించి నా చేతిల ఏం లేదు," అన్నారు.

"యూనివర్సిటీ పనికే పోయింది గద మేడం."

"గట్ల పోతె మాఫీ లేదు."

ఆ కాయితం తేవడం నాకు కష్టం కాదు. తెలిసిన డాక్టరు ఉన్నాడు. ఇంటికి వచ్చి అఖిలతో చెప్పాను. "బాపు, ఇరవై ఆరు రోజులు మంచిగ ఉన్న, మంచిగ పనిచేసిన. జరమని ఎందుకు రాపియ్యాలె? నేను పోయింది పాఠానికని రాయమను," అన్నది. నేను మళ్లీ అడగలేదు.

అక్కడి నుంచి కోదాడ. తమ విదేశీ విద్యార్థుల విభాగం అక్కడ ఉన్నది. అక్కడి అధికారి చాలా మెత్తగా మాట్లాడారు. "ఆ పదకొండు మందిలో ఎవరికి కష్టమొచ్చినా మేం చూసుకుంటామండి. మీ అమ్మాయి ఫారినర్ కాదు కదండీ. మా పరిధిలోకి రాదండి," అన్నారు. క్లారా అని, నార్వే నుంచి వచ్చిన అమ్మాయి, అఖిల లేకపోతే తనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదని తన చేత్తో ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. అది చూపించాను. విదేశీయుల వాంగ్మూలానికి వాళ్ల ఎంబసీ ముద్ర కావాలండి అన్నారు. మా ఇంట్లో మా అమ్మ చేతి జొన్నరొట్టె తిన్న పిల్ల, మా గురించి నాలుగు మాటలు రాస్తే ఢిల్లీ పోయి ముద్ర వేయించుకొని రావాలి.

అక్కడి నుంచి సూర్యాపేట, తమ కార్యాలయం. పరీక్షల సెక్షన్ సూపరింటెండెంట్ రామలింగయ్య గారు నా అర్జీ చదివారు, అది ఒప్పుకుంటాను. అఖిలను కూడా ఆ కోర్సు విద్యార్థిగా రాసుకుంటే ఇరవై ఆరు రోజులు అవే కలుస్తాయి కదా అని నేను అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని చాలాసేపు ఆలోచించారు.

"నాలుగో రూల్ అడ్డం వస్తది హన్మా. ఒక పని చెయ్యి. మీ పిల్లను ఫారిన్ల ఏదన్న యూనివర్సిటీల చేర్పియ్యి. ఆడ్నుంచి స్టడీ అబ్రాడ్ కింద అప్లై చేస్కొని గీడికి రమ్మను. అప్పుడు ఎవ్వలు కాదనరు, నేనే సంతకం పెడ్త."

నేను నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు. మనస్ఫూర్తిగా సాయం చేయాలనే చెప్పారు. అంటే నా బిడ్డ పాస్‌పోర్టు తీసుకొని, విమానమెక్కి, సముద్రాలు దాటి ఎక్కడో పేరు రాయించుకొని, వీసా వేయించుకొని తిరిగి వచ్చి, మా ఇంటి గుమ్మం దిగి వాకిట్లో చాప మీద కూర్చోవాలి. అప్పుడు ఆమె నాయనమ్మ దగ్గర ఆమె నేర్చుకోవచ్చు.

5. ఇక మార్కుల పట్టీ సంగతి. దీని మీద నా మీద చర్య తీసుకుంటామని ఫోనులో బెదిరిస్తున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏప్రిల్ 24న మా వాకిట్లోనే మౌఖిక పరీక్ష జరిగింది. కాసేపు కూర్చొని తులసీరాం గారు ఎవరిదో పెళ్లి ఉందని వెళ్లిపోయారు. పోతూ పోతూ, ముసలమ్మ చెప్పిన మార్కులు వేసి, వేలిముద్ర తీసుకొని, కవరు అంటించి పంపమని నాకు చెప్పారు. మా అమ్మ ఒక్కొక్కరినీ ప్రశ్న అడిగింది. అఖిల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లు ఇంగ్లీషులో జవాబు చెప్పారు. అఖిల దాన్ని మా మాటలో మా అమ్మకు చెప్పింది. అందరిదీ అయ్యాక అఖిల లోపలికి పోయి అన్నం వడ్డించే పని చూసుకుంటున్నది. నేను పెన్ను తీసి అమ్మ దగ్గర కూర్చున్నాను.

"ఎవ్వలకు ఎన్ని?" అని మా మాటలో అడిగాను.

"అఖిలకు నూటికి నూరు ఎయ్యి," అన్నది మా అమ్మ.

"అఖిల పేరు ఇండ్ల లేదే. ఈ పదకొండు మందికి చెప్పు."

"వీళ్లు చెప్పిన మాట ఒక్కటన్న నాకు సమజయ్యిందా? నేను అడిగినదానికి నాకు జవాబు చెప్పింది అఖిల. అన్నీ కరెక్టుగ చెప్పింది. నీకు ఇనపడలేదా?"

"మరి వీళ్లకు?"

"వీళ్లు మంచి పిల్లలు. కడుపునిండ అన్నం పెట్టి పంపు."

చెప్పింది చెప్పినట్టు రాయడం, రాసింది కవరులో పెట్టడం నేను ఉద్యోగంలో నేర్చుకున్న పని. పదకొండు పేర్లకు ఎదురుగా గీతలు గీసి, కింద పన్నెండో పేరు చేర్చి, నూరు వేసి, అమ్మ వేలిముద్ర తీసుకొని కవరు అంటించాను. దీంట్లో అఖిలకు ఏమీ తెలియదు. పరీక్ష పెట్టిన మనిషి ఎవరికి మార్కులు వేయాలనుకుంటే వారికే వేసింది. ఆమెను పరీక్షకురాలిగా నియమించింది తమరే, నేను కాదు.

వారం తరువాత కవరు విప్పిన తులసీరాం గారి ఫోను వచ్చింది. "ఏయ్ హన్మా, ఏందీ ఆట? గా పోరల మార్కులు వాళ్ల దేశాలకు పోవాలె. ముసల్దానికి తెల్వకపోతె నీకన్న తెల్వదా?" డిసెంబరులో అన్నా, మే నెలలో ఏయ్.

6. అన్నిటికన్నా కడుపు మండించిన సంగతి చివరికి ఉంచాను. నిన్న, 13వ తేదీ, తులసీరాం గారు అఖిల ఫోనుకే పంపిన మెసేజి ఇది. అక్షరం మార్చలేదు.

"మౌఖిక పరీక్ష తిరిగి సోమవారం 19వ తేదీ ఉదయం పది గంటలకు తండాలో జరుగును. హాల్ టికెట్ రానందున అఖిలకు ఆ రోజు పరీక్ష లేదు. కాబట్టి అనువాదానికి అందుబాటులో ఉండగలరు."

అయ్యా, దీన్ని తమరు ఒకసారి నిదానంగా చదవండి. అదే సోమవారం, అదే పది గంటలకు ఆమె మొదటి పేపరు. మా పని చేసినందుకు నీకు పరీక్ష లేదు, పరీక్ష లేదు కాబట్టి ఖాళీగా ఉన్నావు, ఖాళీగా ఉన్నావు కాబట్టి మళ్లీ మా పనికి రా అంటున్నారు. ఇది రాసిన చేయికి సిగ్గు ఉండాలి. ఉద్యోగంలో నేను చాలా కాయితాలు మోశాను, ఇంత నీచమైన కాయితం మోయలేదు.

అఖిల ఆ మెసేజి చదివి ఫోను నా చేతికి ఇచ్చింది. లోపలికి పోయి పరీక్ష పుస్తకాలన్నీ ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టింది. ఏడవలేదు. పొద్దున నేను మళ్లీ దించి ఆమె మంచం మీద పెట్టాను. ఇంతవరకు సంచి ముడి విప్పలేదు. ఈ ఒక్క సెమిస్టరు ఆగితే ఆ పిల్లకు ఏడాది పోతుంది. తమ రికార్డులో ఏడాది అంటే ఒక గడి కావచ్చు. ఆమెకు ఇరవై ఏళ్లు.

కావున నేను కోరునది ఒక్కటే. ఆ ఇరవై ఆరు రోజులు విశ్వవిద్యాలయం పనిమీద ఉన్నట్టు రాసి హాజరులో కలపాలి. కలిపితే నూటికి నూరు అవుతుంది, తమరే లెక్క చూసుకోండి. సోమవారం పొద్దున తొమ్మిది గంటల లోపల మిర్యాలగూడలో ఆమె చేతికి హాల్ టికెట్ అందాలి. జీతం అడగలేదు, సన్మానం అడగలేదు, నార్వే పంపమని అడగలేదు. తన దారిన తాను వెళ్లి ఆమె పరీక్ష ఆమె రాసుకోవడానికి తలుపు తీయమంటున్నాను.

పై సంగతులన్నీ బీరువా వెనక్కి పోకముందే చిత్తగించవలెను.

సోమవారం ఉదయం తొమ్మిది గంటల వరకు
తమ విధేయుడు,
రమావత్ హన్మా,
రిటైర్డ్ అటెండరు.

జతపరిచినవి: అఖిల చేతిరాతలోని హాజరు పట్టీ నకలు, క్లారా ఉత్తరం (ఎంబసీ ముద్ర లేకుండా), 13వ తేదీ మెసేజి ఫొటో.

తా.క.: కవరు అంటించే ముందు ఈ అర్జీ మొత్తం మా అమ్మకు మా మాటలో చదివి వినిపించాను. చివరికి ఒక్కటే అడిగింది.

"సోమవారం గా పిల్లల మాట నాకు ఎవ్వలు చెప్తరు?"

"హాల్ టికెట్ వస్తే ఎవ్వలు లేరు. అఖిల పరీక్షకు పోతది."

"రాకపోతే?"

"అఖిలనే."

"అట్లయితే మల్ల ఎందుకు పెడుతున్నరు? మల్ల అఖిలనే చెప్తది. మల్ల నూటికి నూరు అఖిలకే ఏస్త," అన్నది. తన వేలిముద్ర కూడా ఈ కాయితం మీద వేస్తానని బొటనవేలు చాచింది. కింద వేయించాను.