రెండు రోజుల బెంగ

మంగళవారం, ఆగస్టు 12
ఆసుపత్రిలో, మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇలా మర్యాదగా మొదలుపెట్టకపోతే మిగతాది చదవవని ఈ వాక్యం. నీ తుంటి ఎముక ఎలా ఉంది? ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు కాలు కింద మోపొద్దని డాక్టరు చెబితే, నాలుగో రోజే గోడ పట్టుకుని వంటింటిదాకా వెళ్లావట. బావ ఫోన్ చేసి నీ మీద చాడీలన్నీ చెప్పాడు.

నీ మీదికి దూకి పడేస్తాడని నా దగ్గరికి పంపావే, మన పెద్దమనిషి, ఇప్పుడు నా బల్ల కింద పడుకుని, నా పాదం మీద గడ్డం ఆనించి గురకపెడుతున్నాడు. నువ్వు పంపిన పాత దుప్పటి తప్ప మా ఇంట్లోవేవీ ఆయనగారికి నచ్చలేదు.

ఇక్కడి కబురు ఒకటి చెబుతాను. శనివారం పొద్దున ఒకావిడ ఓ ముసలి కుక్కను కారు వెనక సీట్లో వేసుకుని మా పశువుల ఆసుపత్రికి తెచ్చింది. మెట్ల దగ్గర దించగానే కాళ్లు మడతపడి కూలబడింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. తొడ లోపల నాడి దొరకడమే కష్టమైంది. ఎప్పటినుంచి ఇలా ఉందంటే, రెండు రోజులుగా తినడం లేదని, ఎవరి మీదో బెంగపెట్టుకుందిలే అనుకున్నానని ఆవిడ చెప్పింది.

బెంగట. చదువుకున్న మనిషే, అక్కా. కుక్క గిన్నె ముట్టకపోతే, నాలుగడుగులకే ఆయాసపడితే, పక్కన కూర్చుని తల నిమురుతూ కబుర్లు చెప్పిందట. ఛాతీ మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడాలన్న ఇంగితం లేకపోయింది. ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

ఆ పొద్దున నాకు చేతులు ఆడలేదు. స్కాన్ మా చిన్న డాక్టరమ్మే చేసింది. కొత్తగా చేరిన పిల్లే గాని చెయ్యి కుదురు. వెంట్రుకలు గొరిగే వ్యవధి లేక, స్పిరిట్‌తో తడిపి పాయ తీసింది. ముందు పొట్ట చూసింది, తర్వాత పక్కటెముకల మధ్య చూసింది. తెర మీద గుండె చుట్టూ నల్లటి పట్టీ కనిపించింది. ఈ స్కాన్‌లో నలుపంటే నీళ్లో నెత్తురో చేరినట్టు. గుండెను కప్పి ఉండే సంచిలో అదంతా నిండిపోయి, విచ్చుకునే చోటు లేక గుండె కొట్టుమిట్టాడుతోంది.

ఆ పిల్ల తెర మీంచి కళ్లు తిప్పకుండానే ఆవిణ్ని అడిగింది.

"రెండు రోజులు ఏం చేస్తున్నారండీ?"

ఆవిడ కుక్క తలను ఇంకా గట్టిగా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

కుడి పక్కన మత్తు సూది వేసి, తెర చూసుకుంటూ పొడవాటి సూది దించింది. ముదురు ఎర్రటి ద్రవం వచ్చింది. కొంచెం గాజుగొట్టంలో పోసి చూశాం, గడ్డకట్టలేదు. అంటే సూది గుండెలోకి దిగలేదన్నమాట. రెండు పెద్ద సిరంజీలు తీసేసరికి గుండె హాయిగా విచ్చుకోవడం తెర మీద కనిపించింది. మొత్తం మూడు వందల మిల్లీలీటర్లు తీశాం. చిగుళ్లకు రంగు వచ్చింది, నాడి చేతికి తగిలింది. పది నిమిషాలయ్యాక ఆ ముసలాయన బల్ల మీదే లేచి నిలబడి చిన్న డాక్టరమ్మ చేతిగడియారం నాకడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. బల్ల అంచు పట్టుకుని అంతలా ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు రోజుకు రెండుసార్లు స్కాన్ చేసి చూస్తున్నాం. ద్రవం మళ్లీ చేరలేదు. కణితి ఏదీ కనిపించలేదు, మరీ చిన్నదైతే మాకు అందకపోవచ్చు. గుండె చుట్టూ మళ్లీ నిండొచ్చు, ఎప్పటికీ నిండకపోనూవచ్చు. పెంచినవాళ్లకు ఇదంతా దాచకుండా చెప్పాలని చిన్న డాక్టరమ్మ పట్టుబట్టింది. ఆ పిల్ల చెప్పింది న్యాయమే.

మందులు వేళకు వేసుకో. బావను మరీ సాధించకు.

నీ
చెల్లెలు

తా.క.: ఆ కుక్కను తెచ్చినావిడ నేనే, అక్కా. ఆ ముసలాయన మన పెద్దమనిషే. వాడు లేచి నిలబడేదాకా నువ్వు కుదురుగా చదవాలని పరాయివాళ్ల సంగతిలా రాశాను. మొదట్లోనే చెబితే ఆ కాలుతోనే బస్సెక్కేదానివి. రోజూ ఊళ్లో కుక్కలన్నిటి గుండెలూ వినేదాన్ని, ఇంట్లో వాడి ఛాతీ మీద చెవి ఆనించలేదు. నిన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్లిన దగ్గర్నుంచి నాకూ ముద్ద దిగడం లేదు. వాడిదీ నా జబ్బే అనుకున్నాను.