అవ్వ లేని చేను

శనివారం, రాత్రి

మేం తయారుచేస్తున్న వీడియో గేమ్‌లో, చేను అమ్మనని ప్లాట్లవాళ్లతో కొట్లాడే ముసలామెను నిన్న తీసేశాను. ఇక్కడ మా ఊరు అలియాబాద్‌లో మా అవ్వ చేస్తున్నది అదే. అందుకే ఆ బొమ్మకు అవ్వ ముఖం, అవ్వ గొంతు పెట్టాను. "ఆటలో రాజకీయాలెందుకు?" అని ముందుగా ఆడి చూస్తున్నవాళ్లు ఒకటే తిట్లు. నాతో పనిచేసే సలీం కూడా, "ఇగ తీసేద్దాం అక్కా, మనకెందుకు గీ లొల్లి?" అన్నాడు.

బొమ్మను తీశాను కానీ, గొంతును చేనుకు తగిలించిన సంగతి మరిచిపోయాను. ఇప్పుడు ఆ ఖాళీ చేలో ఎవరు అడుగుపెట్టినా, "ఎవలు బిడ్డా? నేనియ్య గీ భూమి" అని వినబడుతోంది.

తిట్టినవాళ్లే ఈరోజు తెగ మెచ్చుకున్నారు. దయ్యం అదిరిందట, ఒళ్లు జలదరించిందట, తీయొద్దట. సలీం మస్తు ఖుష్.

సాయంత్రం అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. చాలాసేపు తెర మీది చేనంతా వెతికింది.

"నా మాట ఇనవడ్తాంది గని, నేనేడున్న బిడ్డా?"

కరెంటు పోయిందవ్వా అని కంప్యూటర్ ఆపేశాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.