ఆడబిడ్డ పెండ్లిలో నేను నవ్విన ఫోటో గురించి

బాన్సువాడ కోర్టు జడ్జి గారి సముఖమునకు, బీర్కూర్‌లో బీడీలు చుట్టుకొని బ్రతుకు గంగామణి, భర్త పేరు భూమేష్, వ్రాయించుకొను అర్జీ. సంవత్సరం 2002.

అయ్యా,

విషయం: ఫోటో చూసి నా మనోవర్తి రద్దు చేయవద్దని వేడుకొనుట గురించి.

1. నా భర్త వేరొక ఆమెను ఉంచుకొని నన్ను వెళ్ళగొట్టినందున నేను తల్లిగారింట ఉంటున్నాను. కోర్టువారు నెలనెలా మనోవర్తి ఇప్పించిరి. మేము మళ్ళీ కలిసి కాపురం చేయుచున్నామని, కావున అది ఆపవలెనని అతడు ఇప్పుడు దరఖాస్తు వేసి, రుజువుగా ఒక ఫోటో పెట్టినాడు.

2. ఫోటో నిజమే, అందులో ఉన్నది నేనే. అది నా ఆడబిడ్డ అనసూయ పెండ్లి నాటిది. మామ కాలం చేసినందున పెద్దకొడుకు, పెద్దకోడలు పీటల మీద కూర్చొని పెండ్లికొడుకు కాళ్ళు కడగవలెను. ఉంచుకున్న ఆమె అందుకు పనికిరాదని పంతులు చెప్పినాడు. అత్త తమ ఊరు పెద్ద కొడప్‌గల్ నుండి వచ్చి, "నువ్వు రాకుంటే పిల్ల లగ్గం ఆగుతదే గంగా, జర అచ్చి కూసో" అని నా చేతులు పట్టుకున్నది. అనసూయ నేను ఎత్తుకొని పెంచిన పిల్ల. ఎట్లా కాదందును?

3. కొంగులు ముడి వేసిరి. నీళ్ళు పోసితిని. ఫోటో తీసే అతను "అక్కా, మొఖం గట్ల పెట్టకు, జర నవ్వు" అన్నాడు. పెండ్లిలో ఏడిస్తే పిల్లకు మంచిది కాదని నవ్వితిని. సాయంత్రం బస్సుకే బీర్కూర్ వచ్చితిని. ఉంచుకున్న ఆమె వంటల కాడ ఉన్నందున ఫోటోలో పడలేదు.

4. మొన్న వాయిదాకు అతని వకీలు "ఇష్టం లేని మొగనితోటి కొంగు ముడేసుకొని ఎవరన్న నవ్వుతరా?" అని అడిగినాడు. నవ్వు కూడా కాపురం కిందికి వచ్చునని నాకెవరూ చెప్పలేదయ్యా!

5. సాక్షిని తెమ్మన్నారు. పెండ్లికి వచ్చినవారందరూ అతని చుట్టాలే. నేను వెళ్ళిపోతుంటే "ఉండు వదినె" అని ఏడ్చినది అనసూయ ఒక్కతే. ఆమెకు నోటీసు పంపి విచారించవలెను.

మనోవర్తి పోతే బీడీల మీద నేను, మా అవ్వ గడుపలేము. తమరే దిక్కని చిత్తగించి కాపాడవలెను.

తమ విధేయురాలు,
గంగామణి, వేలిముద్ర

మళ్ళీ మనవి: ఇది ఇయ్యవస్తుంటే బస్టాండులో అనసూయ కలిసింది. ఏడో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి పోతున్నది. సంగతి చెప్పితిని. "నువ్వు చెప్పుమంటే సాక్షి చెప్త వదినె. గని అన్న మల్ల ఇంట్ల అడుగు పెట్టనీయడు. నేనేడ కనాలె?" అన్నది. అయ్యా, అయిదో నంబరు కొట్టివేయండి. ఆ పిల్లను పిలువకండి. నాకు వేరే సాక్షి లేదు.