పేర్లు పోయిన వీడియోలు

జనవరి 9
వదిన అన్నయ్య కంప్యూటర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమంటోంది. అన్నయ్య పోయి ఎనిమిది నెలలు. చెవిటి పిల్లల స్కూల్లో ఇరవై ఏళ్ళు టీచరు. పిల్లల సైగలన్నీ, మాటకో వీడియో చొప్పున, తనే కెమెరా ముందు కూర్చుని రికార్డు చేశాడు. పదకొండు వందలకి పైనే. ఏ మాటో ఫైలు పేరులోనే ఉంటుంది. ఇంకో కాపీ లేదు. రిపేరు షాపాయనకి ఫోన్ చేస్తే, డిస్క్ పోయేలా ఉంది, ఏమీ తెరవొద్దన్నాడు. ముందు కొత్త హార్డ్ డిస్క్‌లోకి మొత్తం క్లోన్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, చెయ్యాలట, తీసుకొస్తే తనే చేస్తాడట. ఆ మాత్రం నాకు రాదా?

జనవరి 10, మధ్యాహ్నం 3:00
మొదలుపెట్టాను. రెండు డిస్కులూ ఒకే కంపెనీ, ఒకే సైజు.

3:40
తొమ్మిది శాతం దగ్గర సీరియల్ నంబరు చూశాను. తారుమారు చేశాను. ఖాళీ డిస్క్‌ని అన్నయ్య డిస్క్ మీదికి కాపీ చేస్తున్నాను. వైరు పీకేశాను.

జనవరి 11
వదిన ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జనవరి 12
వెళ్ళి చెప్పేశాను. బట్టలు మడతపెడుతోంది, ఆపలేదు. అయ్యాక అంది: "మీ అన్నయ్య పోయినప్పుడు మన చేతుల్లో ఏమీ లేదు. దీనికైనా ఏదో ఒకటి చేద్దాం, పద."
తిట్టి ఉంటే బాగుండేది.

జనవరి 19
షాపాయన ముందు సరిగ్గా క్లోన్ తీసి, ఆ కాపీలో వెతికాడట. వెయ్యిన్నీ ఇరవై ఆరు వీడియోలు దొరికాయి. మిగతావి ఇక రావు. దొరికినవాటికీ పేర్లు లేవు, ఉత్త నంబర్లే. అన్నయ్య చేతులు కదులుతుంటాయి. ఏమంటున్నాడో నాకు తెలీదు. వదినకి సగం కూడా తెలీదు.

ఫిబ్రవరి 1
వదిన అన్నయ్య పాత స్టూడెంట్స్‌కి కబురు పెట్టింది. నలుగురు వచ్చారు. ఒకావిడ ఇప్పుడు టైలరు. వాళ్ళు చూసి కాగితం మీద మాట రాస్తారు, నేను టైప్ చేస్తాను. వాన. అలక. తాళంచెవి. ఒక్కరోజులో నూట యాభై.

మార్చి 1
ప్రతి ఆదివారం వస్తున్నారు. ఒక సైగ మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద గొడవ. గది నిండా చేతులు, చప్పుడు లేదు. వదిన నవ్వింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి... కాదు, పది నెలలు.

మార్చి 15
ఆఖరి వీడియో. అన్నయ్య రెండు వేళ్ళు నడుస్తున్నాయి. వెనకాల రెండో చేతి చిటికెనవేలు పరిగెడుతూ అందుకుంటోంది. నలుగురూ నావైపు తిరిగారు. టైలరమ్మ కాగితం మీద రాసి నా ముందుకు తోసింది: "ఇది మాట కాదు. మీరు. ఇంటి సంగతులు చెప్పేటప్పుడు సార్ మిమ్మల్ని ఇలాగే పిలిచేవారు."

మార్చి 16
అద్దం ముందు నిలబడి చేసి చూశాను. చిటికెనవేలు సరిగ్గా పరిగెత్తడం లేదు.