శ్రీ పడని కంప్యూటరు

శ్రీ
శ్రీ

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
జూలై 2003

అమ్మమ్మా, నీ కాళ్లకు దండం.

కొత్త ఉద్యోగంలో కంప్యూటరు పలక మీద పెన్నుతో వెబ్‌సైట్ల నమూనాలు గీయడం నేర్చుకుంటున్నాను. డబ్బా గీస్తే బొమ్మకి చోటిస్తుంది. గజిబిజిగా గిలికితే అక్కడున్నది చెరిపేస్తుంది.

"శ్రీ రాయకుండా మొదలెడితే పనేటి సాగుతాదే?" అనేదానివిగా! మా సారు తెర మీద పెట్టిచ్చిన చీరల దుకాణం పేరు మీద బుద్ధిగా శ్రీ రాశాను. కంప్యూటరు దాన్ని గిలుకుడనుకుని పేరు కాస్తా మింగేసింది.

"అరే, దుకాన్ కా నామ్ కహాఁ గయా?" అని, దుకాణం పేరెటు పోయిందంటూ సారు గుడ్లురిమాడు.

రేపు నేను గీస్తుంటే చూడ్డానికి దుకాణం యజమాని వస్తున్నాడు. మళ్లీ పేరు పోతే ఉద్యోగమూ పోతుంది. అందుకే రేపు శ్రీ రాయకుండానే మొదలుపెడతాను, కోప్పడకు.

పైన రెండు శ్రీలున్నాయి చూశావా? ఒకటి ఈ ఉత్తరానికి. రెండోది రేపటి పనికి, కంప్యూటరు కంట పడకుండా ఇక్కడ రాసేశాను.

నీ మనవరాలు