గోడ అవతలి మాట

అన్నా,

ఫోన్‌లో చెబితే నీ ఇంట్లో అందరూ వింటారని కాగితం మీద రాస్తున్నాను. ఇక్కడ కోవిల్‌పట్టిలో తమ్ముడి ఇంటి గోడను ఆనుకుని ఉన్న ఖాళీ ఇంట్లో దెయ్యం ఉందంటూ, దెయ్యాలను వెతికే వాళ్లు యంత్రంతో వచ్చి వీడియో తీశారు. అందులో ఒక గొంతు వినిపిస్తుంది. తమిళంలో “నిల్లు”, అంటే ఆగు అని అది బెదిరిస్తోందట. వీధంతా భయపడుతోంది. నాకు మాత్రం అది మన ఇంటి మాటలో “నీళ్లు” అని వినిపించింది. గొంతు అమ్మదిలాగే ఉంది. ఆ గోడకు ఇవతల పడుకునేది అమ్మే కదా. దెయ్యానికి దాహం వేస్తుందా అన్నా?

రాత్రి అమ్మ లేచి పిలుస్తుందా అని మరదలు కలైసెల్విని అడిగాను. “అత్త బాగా నిద్రపోతాది వదినా. దెయ్యాన్ని కూడా నా నెత్తినే కట్టాలా?” అని నవ్వింది. అమ్మకు చెంబు అందిస్తే ఊపిరి తీసుకోకుండా తాగింది.

“నువ్వు పిలిచినావా అమ్మా?”

“నేను పిలవలే. ఎవురికీ చెప్పొద్దు.”

పిలవకపోతే చెప్పొద్దని ఎందుకంది? పెరుమాళ్ ముందు దీపం పెట్టి కూర్చున్నా నాకేమీ తేలడం లేదు.

నువ్వు వచ్చి అమ్మను కొన్నాళ్లు విరుదునగర్‌లో మీ ఇంటికి తీసుకుపో. ఈ కాగితం నీ దగ్గరే దాచుకో, తమ్ముడికి చూపించకు. వాడు చెడ్డవాడని నేను రాయలేదు.

నీ చెల్లెలు